ప్రభుదాసు కాక కొట్టిన హాజరు

కొన్నేళ్లుగా ఒక మనిషి పేరు వినబడితే అక్కణ్ణించి లేచి వెళ్లిపోతున్నాను. ఎందుకో ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చకండి, ఒళ్లు మండుతుంది.

గోదావరిఖనిలో బొగ్గు గనుల కంప్యూటర్ల పని చేసేవాణ్ణి. గనుల్లో కొట్టిన హాజరును ఆఫీసుకు చేర్చే సాఫ్ట్‌వేర్ నా చేతిలో ఉండేది. దానికి రెండు సర్వర్లు. మొదటిది ఆగితే రెండోది పని అందుకోవాలి. ఏ మార్పయినా ముందు రెండు మూడు గనులకే పెట్టాలి, మొదటి సర్వర్‌ను ఆపి చూడాలి, అంతా సరిగ్గా ఉంటేనే మిగతా గనులకు వెళ్లాలి. నేనేం చేశాను? ఒక సాయంత్రం ఒక మార్పును అన్ని గనులకూ ఒకేసారి పెట్టేశాను. ఆపి చూడకుండానే చూశానని సంతకం చేశాను. ఎందుకు? టీవీలో క్రికెట్ మ్యాచ్ ఉంది. అంతే. ఇంతకంటే గట్టి కారణమేదైనా దొరుకుతుందేమోనని ఎన్నిసార్లు వెతుక్కున్నానో.

మర్నాడు పొద్దున మొదటి సర్వర్ ఆగింది. రెండోది అందుకుంది. కానీ ఒక గని పేరు అందులో ఎక్కించడం మరిచాను. ఆ గనిలో మొదటి షిఫ్టుకు దిగినవాళ్లంతా ఆఫీసులో గైర్హాజరుగా కనబడ్డారు. కార్మికులు గేటు దగ్గర గొడవకు దిగారు. ఆ గని హాజరు గుమాస్తా ప్రభుదాసు కాకనూ నన్నూ మేనేజరు పిలిచాడు.

"అందరియి కొట్టిన సార్. నా కండ్లతోని చూసిన," అన్నాడు కాక. నా వైపు తిరిగాడు. "మిషన్ల ఏమన్న అయిందేమో, జర చూడు బిడ్డా."

అప్పటికే చూశాను. తప్పెక్కడుందో తెలుసు.

"మిషన్ మంచిగనే ఉంది కాకా. నువ్వే సేవ్ చెయ్యలె."

మేనేజరు ఇంకో మాట అడగలేదు. ఎందుకు అడుగుతాడు? రిటైర్మెంటుకు దగ్గరపడ్డ గుమాస్తా ఎదురుగా ఉండగా వేరే దోషి ఎందుకు? కాకకు చార్జిషీటు ఇచ్చారు. కుర్చీ తీసేసి, కార్మికుల తలదీపాలు పంచే గదిలో వేశారు. నేను ఆ మధ్యాహ్నమే గని పేరు ఎక్కించి, ఆనవాళ్లు చెరిపేశాను.

కొన్ని నెలలకు ఆ దీపాల గది ముందు కాక నన్ను ఆపాడు. దీపాల నంబర్లు ఒక్కోటి రెండుసార్లు రాసుకుంటున్నాడు.

"నువ్వన్నదే నిజం గావచ్చు బిడ్డా. నా కండ్లే మసకబడ్డయి."

నేను తలూపాను. తలూపాను! అబద్ధం చెప్పినప్పుడు భయపడ్డానని అనుకోవచ్చు. ఇప్పుడు నన్నెవరు భయపెట్టారు?

ఆ నమ్మకంతోనే కాక చనిపోయాడు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన వారానికి సెంటినరీ కాలనీలో ఆయన కూతురింటికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"మా బాపు సచ్చేదాక తన కండ్లనే తిట్టుకున్నడు. నడువు ఇక్కడికెల్లి," అని తలుపు వేసుకుంది.

క్షమించమని నేను అడగలేదు. ఆ రోజు కాక హాజరు సరిగ్గానే కొట్టాడు. పోగొట్టింది నేను. ఇంత రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. దాని మీదా నాకు కోపంగానే ఉంది.