మూడు రోజులు పట్టిన సెలవు ఉత్తరం

దోహాలో ఉన్న అక్క ఇంటికి వచ్చిన కొత్తలో నాకు పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలంటే భయం ఉండేది కాదు. దిండు కింద నవల పెట్టుకుని నిద్రపోయే రకాన్ని (మా అక్క దృష్టిలో పనికిరాని రకాన్ని) కాబట్టి బారెడు మాటలు కూడా నాకు చుట్టాల్లాగే కనిపించేవి. నన్ను ఏడిపించినవన్నీ ఇన్, ఆన్, ఎట్, ఫర్ లాంటి చీమలంత మాటలు. మన తెలుగులో ‘లో’, ‘మీద’, ‘కి’ అసలు మాట వెనకాలే బుద్ధిగా నడిచొస్తాయి. ఇంగ్లీషులో అవి ముందే వచ్చి గుమ్మంలో నిలబడి ఎవర్నీ లోపలికి రానివ్వవు. మెసైమీర్ అనే చోట కడుతున్న ఒక బిల్డింగు సైటు ఆఫీసులో క్లర్కుగా చేరిన మొదటి వారమే, నా మెయిల్లో ‘డిస్కస్ అబౌట్’ అని ఉందని మా అకౌంట్స్ మేడం దాన్ని ప్రింటు తీసింది. ‘అబౌట్’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అందరూ టీ తాగే బల్ల మీద పెట్టింది. ఆ సాయంత్రం డైరీలో ‘ఇకపై నా చేతి నుంచి ఒక్క తప్పు కూడా బయటికి పోదు’ అని రాసుకున్నాను. (డైరీలో నేను చాలా ధైర్యవంతురాలిని.)

ఆ ప్రతిజ్ఞకు బలి కాబోయినవాడు మా షట్టరింగ్ అన్న. స్లాబులకు చెక్కలు బిగించే పని ఆయనది, ఊరు జగిత్యాల దగ్గర. ఒక సోమవారం పొద్దున హెల్మెట్ చంకలో పెట్టుకుని మా క్యాబిన్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

“చెల్లె, తమ్ముని పెండ్లి కుదిరింది. ఇరవై రోజులు లీవు కావాలె. ఇంగ్లీషుల రెండు లైన్లు రాసియ్యి. నాయిన లేడు గదా, నాయిన జాగల నేనే నిలవడాలె. పిల్ల తరపోల్లు సుత దుబాయ్ అన్న రాకుంటే ఎట్ల అంటున్నరు.” (ఇది దుబాయ్ కాదు ఖతర్ అని ఊళ్ళో చెప్పీ చెప్పీ ఆయన ఎప్పుడో మానేశాడు.)

మా మేనేజరు సార్ ఈజిప్టు మనిషి. సెలవు కాగితాల మీద గురువారాలు మాత్రమే సంతకం పెట్టేవాడు. ఆ గురువారం మధ్యాహ్నం నుంచి మూడు వారాలు ఆయనే సెలవు. పెళ్ళేమో రెండు వారాల్లో. అంటే ఆ గురువారం సంతకం పడకపోతే తండ్రి స్థానంలో నిలబడేవాళ్ళు ఉండరు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, సెలవు ‘ఫర్’ పెళ్ళా, ‘టు’ పెళ్ళా, ‘ఆన్’ పెళ్ళా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మంగళవారం వచ్చి “అయిందా చెల్లె?” అన్నాడు. ఇంకొంచెం ఉందన్నాను. బుధవారం వచ్చి తలుపుకు ఆనుకున్నాడు. “గీ రెండు లైన్లకు మూడొద్దులా? గింతల మేం షట్టరింగ్ కొట్టి స్లాబు సుత పోస్తుంటిమి.” కంప్యూటరు నెమ్మదిగా ఉందని చెప్పాను. (ఏ పాపం ఎరుగని ఆ కంప్యూటరు మీద వేసిన నింద నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.)

గురువారం పదకొండింటికి ఉత్తరం తయారైంది. ఏడోసారి ప్రింటు తీసి, నేను రాసిందే మురిపెంగా చదువుకుంటుంటే బయట కారు స్టార్టయింది. “సార్ ఎయిర్‌పోర్ట్ గోయింగ్. ఫ్లైట్ ఎర్లీ,” అంది అకౌంట్స్ మేడం తలెత్తకుండా. (అందులో ‘టు’ లేదు. ఆ క్షణంలో కూడా గమనించాను, చూడండి నా జబ్బు.)

ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడాలన్నా ముందు కాగితం మీద రాసుకునే పిల్లను. అలాంటిది రెండు సైజులు పెద్దవైన సేఫ్టీ బూట్లతో, కాగితం పట్టుకుని టకటకమని ఆ ఎండలో పరిగెత్తి, కారుకు అడ్డంగా నిలబడ్డాను. అద్దం దిగింది. మురిపించిన ఆ రెండు లైన్లలో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

“సార్! బ్రదర్ మ్యారేజ్! ఫాదర్ నో! ట్వంటీ డేస్! గో, కమ్! ప్లీజ్!” అని అరిచి, పైన మూడో అంతస్తులో సుత్తి పట్టుకుని చూస్తున్న అన్నను వేలితో చూపించాను.

“హిస్ బ్రదర్? మబ్రూక్! గివ్, గివ్, యల్లా!” అని అరబ్బీలో శుభాకాంక్షలు చెప్పి తొందరపెడుతూ సార్ కాగితం లాక్కుని స్టీరింగు మీద పెట్టి సంతకం చేసేశాడు. కాగితం తలకిందులుగా ఉంది. సంతకం తేదీ పక్కన పడింది. ఉత్తరం చదవలేదు సరికదా, ఎటు పైనో కూడా చూడలేదు.

అన్న ఒగరుస్తూ దిగొచ్చాడు. “పైకెల్లి అంత సూసిన చెల్లె. గింత నోరుండంగ మూడొద్దులు నన్నెందుకు సంపినవ్?”

“తప్పులు దొర్లుతాయని భయమన్నా.”

“ఎవలు సూస్తరని?”

సంతకమైన ఉత్తరం చేతికిచ్చాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హెల్మెట్ లోపల దాచుకుని, నన్ను తిట్టాలో దండం పెట్టాలో తేల్చుకోలేక మళ్ళీ మెట్లెక్కాడు. పెళ్ళినాడు వీడియో కాల్ చేసి, తలంబ్రాల బియ్యం ఇంకా తలలోనే ఉన్న పెళ్ళికూతురికి నన్ను చూపించాడు. “గీ పిల్లనే, సార్ కారుకు అడ్డం పడ్డది!” నేను ఫోను అక్క చేతిలో పెట్టి వంటింట్లోకి పారిపోయాను.

ఇప్పుడు సెలవులన్నీ కంప్యూటర్లోనే. మొన్న ఒక ఎలక్ట్రీషియన్ వస్తే, ‘సొంత పని’ అన్న గడిలో టిక్కు పెట్టి రెండు నిమిషాల్లో పంపేశాను. అతను వెళ్ళాక గుర్తొచ్చింది, ఇంటికెందుకు పోతున్నాడో అడగనే లేదని. అప్పటి ఆ బూట్ల పిల్లయితే అడిగేది. పెళ్ళయితే పెళ్ళికొడుకు పేరు కూడా కనుక్కునేది. ఆ తర్వాత మూడు రోజులు కూర్చోబెట్టేది, అది వేరే సంగతి.