వెంకటేశప్ప రాసిన చెక్ లైన్

నిన్న పొద్దున కంపెనీ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. వెంకటేశప్ప పోయాడని.

"ఏ వెంకటేశప్ప?" అని అడిగాను.

తెలిసే అడిగాను. ఇంకెవరో అయితే బాగుండునని.

బూదికోట మనిషి. నరసాపురంలో మా కంపెనీ కంప్యూటర్లు చూసుకునేవాడు. పక్క టేబుల్ నాది, అటెండెన్స్ క్లర్క్‌ని. పల్లె బడిలో చదివిన నాకు, కంప్యూటర్‌కి పనులు వరసగా రాసిచ్చే షెల్ స్క్రిప్టులు నేర్పింది వాడే.

"పనికి పంపిన మనిషి తిరిగొస్తే, అయిందా లేదా అని అడగవా సీనప్పా? స్క్రిప్ట్‌లో ఇంగో ప్రోగ్రామ్‌ని పిలిచినా అట్లే అడగల్ల. అది ఒక నంబర్ చెప్తాది. సున్నా అంటే పని అయినట్టు. వేరే నంబర్ వస్తే ఆడికే నిలబడిపోవల్ల."

"మా బళ్ళో సున్నా వస్తే వీపు పగిలేది" అన్నాను.

"అందుకే నీకు చెప్తాండా. సున్నాల్లో నీకు అనుభవం ఉండాది."

అటెండెన్స్‌ని వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, తర్వాత పాతది తుడిచేసే స్క్రిప్ట్ వాడు రాశాడు. మధ్యలో ఒక చెక్ లైన్. కాపీ సున్నా చెప్పకపోతే తుడవొద్దు.

వాడు లీవ్‌లో ఉన్న వారం ఆ డిస్క్ నిండిపోయింది. స్క్రిప్ట్ రోజూ మధ్యలో ఆగిపోయేది. మేనేజర్ నా తల తినేవాడు.

చెక్ లైన్ తీసేశాను.

స్క్రిప్ట్ చివరిదాకా చక్కగా నడిచింది. కాపీ కాలేదు. తుడవడం మాత్రం అయింది.

మూడు షిఫ్టుల వాళ్ళ నెల హాజరు పోయింది.

వాడు లీవ్ నుంచి రాగానే మేనేజర్ స్క్రిప్ట్ తెరిచాడు. పైన వెంకటేశప్ప పేరు. లోపల చెక్ లైన్ లేదు.

"రాసింది నువ్వేనా?"

"నేనే సార్."

వాడు నా వైపు చూశాడు. నేను నా స్క్రీన్ వైపు చూశాను. అందులో ఏమీ లేదు.

ఆ వారమే వాణ్ణి ఇంటికి పంపేశారు.

రాబర్ట్‌సన్‌పేటలో జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. నేను వెళితే టీ తెప్పించేవాడు. ఒక్కసారే అడిగాడు.

"ఊరికంతా చెప్పద్దులే. మా లతకి మాత్రం చెప్పప్పా, వాళ్ళ నాయన చెక్ చేయకుండా రాసేటోడు కాదని. అది గూడా కంప్యూటర్లే చదవతా ఉండాది."

"చెప్తాలే" అన్నాను.

లత ఎన్నిసార్లు కనిపించిందో. బాగా చదువుతున్నావా అమ్మా అని అడిగి వచ్చేసేవాణ్ణి.

ఇవాళ ఆఫీస్ గ్రూప్‌లో అందరూ దండాల బొమ్మలు పెడుతున్నారు. మేనేజర్ మూడు పెట్టాడు. వాణ్ణి పంపేసిన రోజు ఒక్క చెయ్యీ లేవలేదు. నాది కూడా.

లతమ్మా, మీ నాయన స్క్రిప్ట్‌లో తప్పు లేదు. ఆ లైన్ తీసింది నేను. ఆయన ఉండగా నీ ఒక్కదానికి చెప్పాల్సిన మాట, పోయాక ఇలా రాసి అందరి ముందూ చెప్తున్నాను.

వెళ్ళిరా వెంకటేశప్పా. అక్కడన్నా ఇంకొకరి తప్పు నీ నెత్తిన పడకుండా నిమ్మళంగా ఉండు.