రెండో పొయ్యి వద్దన్న హన్మండ్లు

ఆర్మూర్ల రేడియోలు బాగుచేసే హన్మండ్లుది ఒక్కటే పట్టు: ఒకదిక్కు మంట ఉన్నంక ఇంకోదిక్కు పొయ్యి అంటువెట్టొద్దు. బాగైన రేడియోల వార్తలు వినంగ వినంగ, భూమి వేడెక్కుతున్నదని పందొమ్మిదొందల ఎనభై తొమ్మిదిల ఆయనకు ఖాయమైంది. గప్పటిసంది ఆ ఒంటిమనిషి ఇంట్ల పొయ్యి ఎలగలే.

పొద్దుగాల్నే బియ్యం గిన్నె సంకల పెట్టుకొని బయలెల్లేటోడు. చాయ్ హోటల్ల పాలు దించంగనే తన గిన్నె ఎక్కించేటోడు. ఇస్త్రీ డబ్బ బొగ్గులల్ల కోడిగుడ్డు కాల్చుకునేటోడు. పెండ్లికి పిలిస్తె పప్పుగిన్నెతోని వచ్చేటోడు. కాష్టం కాడ మాత్రం చేతులు కట్టుకొని నిలవడేటోడు. గంత మర్యాద ఉండె.

పసుపు ఉడకబెట్టే కాలమొస్తె రైతు ఎర్రన్నకు తిప్పలు మొదలు. ఊరి బయట ఆయన కడాయి దించంగనే ఆ నిప్పుల మీద హన్మండ్లు గిన్నె కూసునేది.

"ఏందే, ఇంట్ల కట్టెల్లేవా?"

"ఉన్నయన్నా. గీ నిప్పు దండుగ పోతున్నది గద. ఒక్క పొగకు రెండు పనులైతె ఆకాశానికి జర నిమ్మలం."

"ఆకాశం నీకు చిట్టి రాసిందా?"

"రేడియోల చెప్పిండ్రు."

పిసినారి అని ఎర్రన్న ఊరంత చాటిండు.

ఒకనాడు ఎర్రన్న తన రేడియో బాగుకు ఇయ్యనీకి పోతె హన్మండ్లు పక్కింటి ఆశమ్మతోని లొల్లిల ఉన్నడు. ఆశమ్మ బీడీలు చేస్తది, గుట్టకు పోయి పుల్లలేరుకొచ్చి వండుకుంటది. పొయ్యి పొగ మానకుంటె పానం దక్కదని దవాఖాన్ల చెప్పిండ్రు. ఎవలన్న బువ్వ ఇయ్యవోతె "నాకు చేతుల్లేవా?" అని తలుపేసుకునే మనిషి.

"నీ పొగతోని లోకమంత ఖరాబైతున్నదక్కా, గిన్నె ఇటియ్యి!"

"రెండు పుల్లలకే లోకం ఖరాబైతదిరా? కార్లల్ల తిరిగేటోళ్లను అడుగుపో!"

"వాళ్లు దూరమున్నరు. నువ్వు పక్కకున్నవ్."

బియ్యంతోని ఉన్న గిన్నెను గుంజుకొని పోయిండు. ఆశమ్మ ఎనక ఉరికి, దగ్గొచ్చి ఆగింది. గరీబుదాని గిన్నె గుంజుకుంటడా అని ఎర్రన్నకు ఒళ్లు మండింది.

తెల్లారి ఎర్రన్న పొయ్యి మీద రెండు గిన్నెలు కూసున్నయి.

"ఒక్కనికి రెండా? కడుపా, చెరువా?"

"లోకం ఆకలి మస్తుంటదన్నా" అని హన్మండ్లు నిప్పులు ఎగదోసిండు.

పది దినాలైనంక హన్మండ్లు రావుడు బందైంది. రెండు దినాలు ఎర్రన్న నిప్పులు ఉత్తగనే ఆరిపోయినయి. పీడ పోయిందనుకున్నడు గని మనసు నిమ్మలంగ లేకుండె. మూడోనాడు చూడవోయిండు. హన్మండ్లు జరంతోని మంచంల ఉన్నడు. బయట ఆశమ్మ పుల్లలు పేర్చి, దగ్గుకుంట అగ్గిపుల్ల గీస్తున్నది.

"అక్కా, వద్దే! లోకం!" అని లోపటినుంచి పీలగ ఇనవడ్డది.

"రెండు దినాలసంది లోకాన్ని పక్కకువెట్టే వండుకుంటున్న, ఇయ్యాల గూడ గంతే!" అన్నది ఆశమ్మ. "మొన్నటిదాంక నా బియ్యం తీస్కపోయి, పప్పు గూడ పోసి తెచ్చిండు. పప్పేడిదిరా అంటె, నిప్పు ఎక్కువైందన్నడు! పిచ్చోడు."

ఎర్రన్న మంచం కాడికి పోయిండు. హన్మండ్లు గొంతు తగ్గించి, "ఉత్తగ ఇస్తె ముట్టదన్నా. లోకం కోసమంటె తిట్టుకుంట తింటది" అన్నడు.

ఊరంత చాటిన మాట యాదికొచ్చి ఎర్రన్నకు సిగ్గయింది. బయటికొచ్చి ఆశమ్మ గిన్నె లేవట్టుకున్నడు.

"నీ పొయ్యితోని ఆకాశం పాడైతున్నది. నా నిప్పు ఉత్తగ పోతున్నది. ఇటియ్యి!"

ఆశమ్మ నోరు తెరిచింది. "నువ్వు గూడ రేడియో వింటున్నవారా?"

"గిప్పుడిప్పుడే, అక్కా" అన్నడు ఎర్రన్న. హన్మండ్లు ఇంట్ల ఉట్టి మీది పప్పు గూడ తీసుకొని తన పొయ్యి దిక్కు నడిసిండు.