గార్డు మామయ్య, మూడు రెక్కల ఫ్యాను

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి అర్థం కానిదంటూ ఏదీ ఉండదు. ఆ కాలంలో నాకూ ఉండేది కాదు. బి.ఎస్సీ. రెండో తరగతిలో గట్టెక్కి, రాయ్‌పూర్ రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి ఆర్నెల్లయింది. సృష్టిలో మిగిలిపోయిన చిన్నాచితకా సందేహాలేవైనా ఉంటే తీర్చడానికి సిద్ధంగా ఉండేవాణ్ణి. ఎవరూ అడిగేవారు కాదు. (ఇప్పుడు ఎవరైనా అడుగుతారేమోనని భయం. అదొక్కటే తేడా.) ఆ రోజులనగానే ముందుగా నా కళ్లు మూతలు పడతాయి: మే నెల మధ్యాహ్నం, కూలరులో తడిసిన వట్టివేళ్ల వాసన, దూరంగా యార్డులో పెట్టెలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు, నెత్తిమీద ఆగకుండా తిరిగే ఫ్యాను. ఆ ఫ్యాను కిందే నా పెళ్లి దాదాపు ఆగిపోయింది.

బయటివాళ్లకు ఆ ఊరి తెలుగు క్రైస్తవులమంతా ‘ఆంధ్రావాలే’. మాలో మాకు మాత్రం రెండు రకాలు. మా నాన్న కాలనీ చర్చిలో సంఘ పెద్ద; తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ కలిసి ఒక్కడే దేవుడు అన్నది ఆయన ప్రాణం. గార్డు మామయ్యది (గూడ్సు బండి గార్డు, అప్పటికింకా మామయ్య కాలేదు, అవుతారని నా ఆశ) భన్‌పురిలో లారీల షెడ్డు వెనక కూడుకునే చిన్న సహవాసం. ఉన్నది ఒక్కడే, ఆయన పేరు యేసు, మిగతావన్నీ ఆయన బిరుదులే అనేవారు వాళ్లు. బాప్తిస్మం కూడా ఆ ఒక్క పేరుతోనే, లారీ ట్యూబులకు పంక్చరు చూసే సిమెంటు తొట్టిలో. మూడు పేర్లతో మునిగొచ్చినవాడు అందులో మళ్లీ మునగాల్సిందే.

మామయ్య పెద్దమ్మాయి నర్సు. పండరీ బట్టల బజారులో ఒకే తానుకు చెరో కొస పట్టుకున్న మా అమ్మా, వాళ్లమ్మా మాటల్లో పడి ఈ సంబంధం మొదలుపెట్టారు. అంతకు ముందు ఆ అమ్మాయిని నేను రెండుసార్లు చూశాను. ఒకసారి క్రిస్మస్ పాటల్లో, ఇంకోసారి టెటనస్ సూది కోసం వెళ్లినప్పుడు. “గాయం ఏదండీ?” అని అడిగింది. గాయం తెచ్చుకోవడం మరిచిపోయాను.

ఆదివారం ఆరాధనలయ్యాక వాళ్లు మా క్వార్టరుకు వచ్చారు. అమ్మ మూడు రోజులుగా ఇల్లంతా కడిగి తుడిచి ఉంచింది. షర్బతు, కాజాలు, కుశల ప్రశ్నలు, అన్నీ సవ్యంగా నడిచాయి. అప్పుడు మామయ్య గ్లాసు కింద పెట్టి, “బాబు బాప్తిస్మం ఏ నామంలో అయింది బావగారూ?” అన్నారు.

నాన్న ఒక వచనం తీశారు. మామయ్య ఇంకో వచనం తీశారు. పావుగంటలో షర్బతు వేడెక్కింది.

“సాఫ్ మాట చెప్తున్నా. బాబు మా తొట్టిలో మునగాలి. లేదంటే సంబంధం వద్దు.”

“అంటే నేను దగ్గరుండి ఇప్పించిన బాప్తిస్మం దొంగదా? వీడు మళ్లీ మునిగితే నేను సంఘంలో తలెత్తుకోగలనా? వద్దంటే వద్దు!”

తలుపు దగ్గర ఆ అమ్మాయి తలవంచుకుని ఉంది. నా పెళ్లి కళ్లముందే జారిపోతోంది. చదువుకున్నవాణ్ణి కదా, లేచి నిలబడి వేలు పైకి చూపించాను.

“ఇంత గొడవెందుకు? ఫ్యాను చూడండి. మూడు రెక్కలు. తిరుగుతుంటే ఒకటే చక్రం. ఇద్దరూ కరెక్టే!”

అందరూ తలలెత్తి చూశారు. ఒక్క క్షణం గది కలలా ప్రశాంతంగా ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. “లైట్ చలీ గయీ!” అని పక్క క్వార్టర్లోంచి కేక. ఫ్యాను తీరిగ్గా, ఎవరి పక్షమూ వహించకుండా, మెల్లమెల్లగా ఆగింది.

“అరే బాబూ,” అన్నారు మామయ్య, “కరెంటుంటే ఒక్కడు, పోతే ముగ్గురా? ఇదేం దేవుడయ్యా?”

నాన్న నావైపు తిరిగారు. “ఒక్కో రెక్క ఫ్యానులో మూడో వంతేగా? కుమారుడు దేవుడిలో మూడో వంతా? చెప్పరా!”

“బావగారూ, అది మాత్రం సహీ మాట,” అన్నారు మామయ్య. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఒప్పుకున్న మొదటి సిద్ధాంతం అదే: నాకేమీ తెలియదని.

అప్పుడు తలుపు దగ్గరనుంచి, “రెక్కల మీద ఎంత దుమ్ముందో చూశారా?” అని వినిపించింది. ఆగిన ఫ్యాను మీద వేలెడు మందాన నల్లటి దుమ్ము. అమ్మ ముఖం పాలిపోయింది. (ఇల్లంతా కడిగిన అమ్మ పైకి చూడలేదు.) “అత్తయ్యగారూ, తడిగుడ్డ ఇవ్వండి,” అని ఆ అమ్మాయి చెంగు బిగించి స్టూలెక్కేసింది. “మీరు గట్టిగా పట్టుకోండి,” అని నాతో అంది. పట్టుకున్నాను. దుమ్ము నెత్తిన పడుతుంటే వేదాంతం సాగదు. పెద్దలిద్దరూ తువ్వాళ్లు దులుపుకుంటూ వరండాలోకి వెళ్లారు. నేను కిందనుంచి, “తొట్టిలో మునగమంటే మునుగుతాను,” అని గొణిగాను. “ఎవరికోసం?” అందామె రెక్క తుడుస్తూ. నేను స్టూలు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. “ఐతే వద్దు. ఉత్తపుణ్యానికి తడుస్తారు.”

ఆ మాట కిటికీలోంచి వరండాకు వినబడిందని తరవాత తెలిసింది. కాసేపటికి మామయ్య లోపలికొచ్చి, గుడ్డ పట్టుకున్న కూతుర్నీ, స్టూలు పట్టుకున్న నన్నూ చూసి గొంతు సవరించుకున్నారు. “నమ్మకం లేకుండా ముంచితే అది స్నానమే. అబ్బాయికి అర్థమయ్యేదాకా ఆగుదాం బావగారూ. పెళ్లి ఆగక్కర్లేదు.”

మామయ్య బతికినంతకాలం ఏటా ఒకసారి, “అర్థమైందా అల్లుడూ?” అని అడిగేవారు. “ఇంకా లేదు మామయ్యా,” అనేవాణ్ణి. “ఆరామ్‌గా కానీ,” అని తల నిమిరేవారు. వారూ, నాన్నా ఇప్పుడు వెళ్లినచోట అసలు సంగతి తెలుసుకునే ఉంటారు. ఎవరు నెగ్గారో నాకింతవరకు కబురు లేదు.

ఇప్పటికీ శనివారం ఫ్యాను తుడవడం మా ఇంట్లో ఆచారం. స్టూలెక్కేది నేను, పట్టుకునేది ఆవిడ. మధ్యాహ్నం కింద పడుకుని ఆ తిరిగే చక్రాన్ని చూస్తుంటాను. నిద్ర పట్టబోయే ముందు ఒక్కోసారి ఏదో అర్థమైనట్టే ఉంటుంది. లేచి ఆవిడకు చెబుదామనుకుంటాను. లేచేసరికి కాఫీ వచ్చి ఉంటుంది.