నలభై ఒకటో మేకు

దయ్యాల మాటలు మా ఇంట్లో ఎన్నడూ నడవలేదు. నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. అమ్మే పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, బైబిలు మీద వేలు పెట్టించి అక్షరాలు నేర్పింది. చనిపోయినవాళ్లు తిరిగి రారని, చీకటికి భయపడొద్దని కూడా ఆమే నేర్పింది. అందుకు దేవునికి వందనాలు. ఇప్పుడు రాసేది ఎవర్నీ భయపెట్టడానికి కాదు. నిజం చెప్పాలంటే కోపంతో రాస్తున్నాను.

గోదావరిఖనిలో మాది చిన్న చర్చి. అంతా బొగ్గుబాయి కుటుంబాలే. తలుపు పక్కన ఒక చెక్క పలక ఉంటుంది, దానికి వరుసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో ఇత్తడి బిళ్ల. బిళ్ల మీద నంబరు. ఇది మాకు బాయి నుంచే వచ్చింది. బాయిలో దిగేవాళ్లు ల్యాంపు రూములో బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటారు. షిఫ్టు అయిపోయాక బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. అప్పుడు ఎవరూ ఇంటికి పోరు, వెతుకుతారు.

ల్యాంపు రూములో పనిచేసి రిటైరైన యోనా తాత ఇదే పద్ధతి చర్చిలో పెట్టాడు. బిళ్లలన్నీ తనే చేశాడు, నంబర్లు మేకుతో కొట్టి చెక్కాడు. లోపలికి వచ్చినవాళ్లు తమ బిళ్ల తీసుకుంటారు, వెళ్లేటప్పుడు మళ్లీ తగిలిస్తారు. ఆశీర్వాదం అయ్యాక పలక మీద మిగిలిన నంబర్లు చదువుతారు. ఆ ఇళ్లకు మధ్యాహ్నం లోపల ఇద్దరు పోయి చూసి రావాలి. తాత పోయి నాలుగేళ్లయింది. పద్ధతి మాత్రం ఉంది.

నలభై ఒకటి రాజమ్మక్కది. చర్చి ఊడ్చేది, ప్రతి క్రిస్మస్‌కు బిళ్లలన్నీ చింతపండుతో తోమేది. ఏడాదంతా బొగ్గు దుమ్ముకు నల్లబడ్డ బిళ్లలు ఆ ఒక్కరోజు బంగారంలా మెరిసేవి. ఆమె భర్త మల్లయ్య బావ ఏసయ్యను నమ్మినవాడు కాదు. కానీ ముప్పై ఏళ్లు ప్రతి ఆదివారం ఆమెను సైకిల్ మీద తెచ్చి గేటు దగ్గర దింపి పోయేవాడు.

ఆయన చనిపోయినప్పుడు, ఆయన అన్నదమ్ములు అడిగితే రాజమ్మక్క మూడో రోజు వాళ్ల ఆచారం ప్రకారం పిట్టకు ముద్ద పెట్టింది. అంతే. మా సంఘపెద్ద దేవసహాయం సార్‌కు ఆ సంగతి తెలిసింది. ఆదివారం అందరి ముందు నిలబెట్టి అడిగాడు.

ఆమె దాచలేదు. "ఆయన నమ్మింది నేను చేసిన సార్. ముప్పై ఏండ్లు నన్ను ఏసయ్య దగ్గరికి తోలిండు, ఒక్కనాడు వద్దనలే. ఆయనకు ఒక్క ముద్ద పెట్టొద్దా?"

"అయితే ఆ పిట్టల దగ్గరనే ఉండు" అన్నాడు సార్. బిళ్ల మేకు నుంచి తీసి, కవరులో పెట్టి, బీరువాలో వేసి తాళం వేశాడు. బిళ్ల లేకపోతే నంబరు చదవరు. నంబరు చదవకపోతే ఎవరూ వెళ్లరు.

ఏడు వారాలు ఎవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. ఒకసారి కూరగాయల మార్కెట్లో దూరం నుంచి కనిపిస్తే పక్క సందులోకి తిరిగాను. ఈ తప్పులో నా వాటా నేను ముందే ఒప్పుకుంటున్నాను.

ఏడో ఆదివారం ఊడ్చే వంతు నాది. ఎనిమిదింటికి తాళం తీశాను. పలకను తడిగుడ్డతో తుడిచాను. నలభై ఒకటో మేకు ఖాళీగా ఉంది. గుడ్డ ఆ మేకుకే తట్టుకుని దారం పోగు లేచింది, అందుకే బాగా గుర్తు.

ఆశీర్వాదం అయ్యాక సుశీలక్క మిగిలిన నంబర్లు చదువుతోంది. "పన్నెండు, ఊరికి పోయిండు. ఇరవై తొమ్మిది, డ్యూటీల ఉన్నడు. నలభై ఒకటి..." అని ఆగిపోయింది.

మేకుకు బిళ్ల వేలాడుతోంది. పలక మీద మిగిలినవి నల్లగా ఉంటే, అదొక్కటి అప్పుడే చింతపండుతో తోమినట్టు మెరుస్తోంది.

సార్ సూటిగా నా వైపు చూశాడు. "పొద్దున తాళం తీసింది నువ్వే గదా."

"నేను పెట్టలే సార్" అన్నాను. ఆయన బీరువా తెరిచాడు. కవరు తీశాడు. అందులో నలభై ఒకటో నంబరు బిళ్ల ఉంది, నల్లగా, వేసినప్పుడు ఎలా ఉందో అలాగే.

"ఇగో, అసలుది నా దగ్గరనే ఉన్నది. అది ఎవరో చేపిచ్చిన దొంగ బిళ్ల."

రెండూ చేతులు మారాయి. యోనా తాత నలభై ఒకటి కొట్టినప్పుడు మేకు జారి, నాలుగు అంకె కాలు దగ్గర ఒక చుక్క ఎక్కువ పడింది. ఆ చుక్క రెండు బిళ్లల మీదా ఉంది. నా కళ్లతో చూశాను, సుశీలక్క వేలితో తడిమి చూసింది. ఇత్తడి ఎక్కడిదని ఒకరు, ఏ దుకాణంలో చేస్తారని ఒకరు. పది నిమిషాలు అదే గోల. బిళ్ల ఎక్కడిదని అందరూ అడిగారు. మనిషి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

మగవాళ్ల ముందు చర్చిలో నేను నోరు తెరిచింది ఆరోజే. "సార్, బిళ్ల మిగిలింది. పోయి చూడాలె గదా."

"ఆమె సంఘంలనే లేదు. ఎవరిని చూస్తవ్?"

సుశీలక్క చెప్పులు వేసుకుంటూ అంది, "బిళ్లను తర్వాత జైల్ల పెట్టుర్రి సార్, మేమైతే మనిషిని చూసొస్తం."

రైలు పట్టాల అవతల ఒక్క గది ఇల్లు. లోపల గడియ. గోలేటిలో చెల్లె ఇంటికి పోయిందనుకున్నామని పక్కింటివాళ్లు అన్నారు. ఆ ఇంటాయన భుజంతో తలుపు నెట్టాడు. రాజమ్మక్క స్నానం చేసే చోట పడి ఉంది. ముందురోజు పొద్దున జారిందట. తుంటి విరిగింది. పెదవులు ఎండిపోయి పగిలాయి. నన్ను చూసి అన్న మాట ఇది:

"అచ్చిన్రా బిడ్డా. చాయ్ పెడ్దామంటే లేవస్తలేదు."

అప్పుడే దవాఖానకు తీసుకుపోయాం. ఇంకొక పూట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు. దేవునికి స్తోత్రం, బతికింది.

సాయంత్రం చర్చికి తిరిగి వచ్చాం. నలభై ఒకటో మేకు ఖాళీ. కవరులో నల్ల బిళ్ల ఒక్కటే ఉంది. ఎవరు చేయించారో తేలేదాకా ఉండనీ అని మెరిసే బిళ్లను తన చేత్తోనే మళ్లీ మేకుకు తగిలించానని, తర్వాత తాళం వేసి పోయానని సార్ అన్నాడు. ఆయన మీద నాకు ప్రేమ లేకపోయినా ఒకటి చెప్పాలి, ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. బెంచీలు జరిపి, చాపలు దులిపి వెతికాం. దొరకలేదు. ఈనాటికీ దొరకలేదు.

మూడు నెలలకు రాజమ్మక్క వాకర్ పట్టుకుని వచ్చింది. సార్ నల్ల బిళ్లను మేకుకు తగిలించాడు. తప్పయిందని అనలేదు. పైగా మంచిర్యాల నుంచి అతిథులు వచ్చిన రోజు, మా సంఘంలో దేవుడు చేసిన అద్భుతమని మైకులో చెప్పాడు. బిళ్ల తీసింది ఎవరో చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. సాక్ష్యం చెప్పమని రాజమ్మక్కకు మైకు ఇచ్చాడు.

ఆమె మైకు అందుకుంది. "బిళ్ల సంగతి నాకు తెల్వది సార్. ఏడు వారాలు ఎవ్వలు రాలే. గా సంగతి మాత్రం ఎరుకే" అని మైకు తిరిగి ఇచ్చేసింది.

నాకూ తెలియదు. ఎవరైనా చేయించారంటే, తాత చెయ్యి జారిన చుక్క ఎలా వస్తుంది? తాతే వచ్చాడంటే నా విశ్వాసం ఒప్పుకోదు. దేవదూత అందామంటే, ఆ మాట వాడుకునే హక్కు ఏడు వారాలు కదలని మాకు లేదు. ఎన్నిసార్లు ప్రార్థనలో అడిగినా ఇంతకంటే ముందుకు పోలేకపోయాను.

ఒక్క పని చేశాను. నంబర్లు చదివే పని సుశీలక్క దగ్గర అడిగి తీసుకున్నాను. ఆశీర్వాదం అయ్యాక మిగిలిన బిళ్లలు చదువుతాను. ఆ తర్వాత సంఘం నుంచి తీసేసినవాళ్ల ఖాళీ మేకులు కూడా చదువుతాను, ఎవరి బిళ్ల ఎప్పుడు తీశారో పేరుతో సహా. సార్‌కు నచ్చదు. ఆయన కళ్లు మూసుకుని కూర్చుంటాడు. నేను చివరి మేకు దాకా చదువుతాను.