మోటరు కబురు

ఈ మధ్యాహ్నం పప్పుకు పోపు వేస్తుండగా ఫోను మోగింది. ఎత్తితే విమల గొంతు. "మోటరు నడుస్తాంది. నీళ్లొస్తున్నయి." ఎల్లిపాయలు మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాను. విమల చనిపోయి రెండేళ్లు. మా బోరు ఎండి, మోటరు డబ్బా విప్పేసి ఏడాది.

విమల దేవరకొండలో మా ఇంట్లో కిరాయికుండేది, ఐటీఐలో కరెంటు పని నేర్పేది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. మా బోరుకు ఫోనుతో నడిచే స్టార్టరు డబ్బా ఉండేది. అమ్మిన కంపెనీ మూతపడగానే అదీ మూగబోయింది. కొత్తది కొననన్నాను. విమల నెలలు కూర్చుని, ఏ కంపెనీ డబ్బాలోనైనా పనిచేసే ప్రోగ్రాం రాసింది. మోటరు నడిచినా, నీళ్లు తగ్గితే దాన్ని ఆపినా, అది రికార్డు చేసిన విమల గొంతుతోనే ఫోను చేసి చెప్పేది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చంది విమల. దానికి పాత కంపెనీ పేరే తగిలించి ఊరంతా చెప్పింది మాత్రం నేను.

ఆ ఎండాకాలం పక్క చేను యాదయ్య మోటరు నీళ్లు లేక ఒట్టిగా తిరిగి కాలిపోయింది. బత్తాయి తోట ఎండిపోయింది.

"ఊరికే ఇస్తాంటె ఎందుకు ఎక్కించుకోలేదురా?" అని గద్దించాను.

"నువ్వు గా కంపెనీ పేరు చెప్తివి గదా అవ్వా. నాది వేరే డబ్బా. నాకు పనికిరాదనుకున్న."

విమల ఆ సాయంత్రమే ప్రోగ్రాంకు కంపెనీ పేరు తీసేసింది.

"నీ పేరు పెట్టు బిడ్డా, కష్టం నీదే గదా," అన్నాను.

ఆమె నా చెంబు తిప్పి, దాని మీద చెక్కించిన నా పేరు చూపింది. "గిది బయట పెడితె ఎవరన్న ముట్టుకుంటరా అవ్వా? పేరు చూసి దించి పెడ్తరు. గా ప్రోగ్రాం చేసే పనే దానికి పేరు."

చెంచాల మీద కూడా పేరు చెక్కించినదాన్ని. "నన్ను పిసినారంటవా?"

"నేనెందుకంట, కిరాయి పెంచుతవు."

మోటరు కబురు అని పేరు పెట్టింది. యాదయ్య కొత్త మోటరుకు ముందు అదే ఎక్కించాడు. తరువాతి ఏడు జ్వరంతో దవాఖానకు పోయిన విమల తిరిగి రాలేదు.

ఇవాళ వచ్చిన నంబరుకు మళ్లీ చేశాను. ఎత్తింది అచ్చంపేట దిక్కు రైతు. డబ్బాలో తన ఫోను నంబరు కొట్టేటప్పుడు ఒక అంకె తప్పాడట.

"గది ఏ కంపెనీదో ఎరుక లేదమ్మా, మోటరు కబురు అంటరు. గా గొంతు ఎవలదో తెలుసా నీకు?"

విమల పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"నీళ్ల సంగతి చెప్పేటామెది," అన్నాను. "నంబరు సరిచేసుకో నాయినా. నీ చేను కబురు నీకే రావాలె."

సరేనన్నాడు. ఆ గొంతు ఇక నాకు రాదు. పొయ్యి ఆర్పి, వాకిట్లో దారిన పోయేవాళ్లకు పెట్టిన కుండ నింపి, మూత మీద చెంబు బోర్లించాను. దాని మీద ఎవరి పేరూ లేదు.