సుశీల టీచర్ అద్దాలు తీసిన రోజు

చారులో పోపు పడిన వాసన రాగానే నా చేయి ఇప్పటికీ మాత్రల డబ్బా మీదికి వెళ్తుంది. ముందు అన్నం, తర్వాత మాత్ర. ఆ వరస నేర్పింది మిర్యాలగూడలో నాకు గది కిరాయికిచ్చిన సుశీల టీచర్.

మాది నిడమనూరు వైపు దొరల కుటుంబం. కోటలాంటి గడి, భూములు నాన్న కాలంలోనే పోయాయి. నిటారుగా నడవడం ఒక్కటే నాకు మిగిలింది. రైసుమిల్లులో గుమాస్తాగా చేరాను. నాకు హెచ్ఐవీ ఉన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. పాత మందులు పనిచేయడం మానేశాక హైదరాబాదు డాక్టరు ప్రొటియేజ్ ఇన్హిబిటర్ అనే రకం మందు మొదలుపెట్టాడు. దీనితో కళ్ళు పచ్చబడవచ్చు, భయపడి ఆపొద్దు, ఇదీ పోతే ఇవ్వడానికి వేరే మందు లేదన్నాడు. కొద్ది వారాలకే కళ్ళు పచ్చబడ్డాయి. నల్లద్దాలు కొనుక్కున్నాను.

టీచర్ ఒకసారి తన రంగుటద్దాల్లోంచి, నా నల్లద్దాల పక్కనుంచి నా కళ్ళు చూసి, ఖాళీ కడుపుతో మింగుతున్నావా అని మాత్రం అడిగింది. ఏం మింగుతున్నానో అడగలేదు. అన్నం మీద మింగితేనే మందు ఒంటబడుతుందని, రాత్రికి తన దగ్గర తినమంది. మా ఇంట్లో పెట్టడమే గాని ఒకరింట తినే అలవాటు లేదన్నాను.

"కిరాయికున్న దొరలు అన్నం తినొద్దని రూలున్నదా?" అని నవ్వింది. అయినా వెళ్ళలేదు.

ఆ తర్వాత ఒక పెళ్ళిలో మా మేనత్త నా అద్దాలు తీయించి, కామెర్లని తేల్చేసింది. మా వైపు కామెర్లకు పసరు తాగిస్తారు. తాగినన్నాళ్ళు ఉప్పులేని గంజి తప్ప ఇంకే మందూ ముట్టరాదు. మర్నాడే పసరు సీసాతో నా గదికి వచ్చి కూర్చుంది.

"తాగురా. నా ముంగట తాగు."

తాగితే నా మాత్ర ఆగిపోతుంది. వద్దంటే ఎందుకో చెప్పాలి. అత్త పోసిచ్చిన గ్లాసు చేతిలోనే పట్టుకున్నాను.

గోడ అవతల మాటలు విన్న టీచర్ చారు పోసిన అన్నం పళ్ళెంతో లోపలికి వచ్చింది. పళ్ళెం నా ముందు పెట్టి, అత్త ఎదురుగా కూర్చుని, ఎప్పుడూ పెట్టుకునే రంగుటద్దాలు తీసింది. ఆవిడ కళ్ళూ నా కళ్ళలాగే ఉన్నాయి.

"అమ్మా, నావి సూడు. కామెర్లు గావు. నాకు హెచ్ఐవీ ఉన్నది. దానికి మింగే గోలీతోటి గిట్లయితది. ఆ గోలీ ఆపితేనే పాణం మీదికొస్తది."

నా గురించి ఒక్క మాట అనలేదు. బడిలో, వీధిలో తనకున్న పేరును అత్త చేతిలో పెట్టి, నా సంగతి నాకు వదిలేసింది. అత్త నా వైపు తిరిగింది. నేను గ్లాసు పక్కన పెట్టి అన్నం తిన్నాను. తర్వాత జేబులోంచి మాత్రలు తీసి, ఆమె చూస్తుండగా మింగాను.

 అత్త సీసా కొంగులో చుట్టుకుని లేచి, గడప దగ్గర ఆగింది.

"పంతులమ్మా, చారుల కారం జర తక్కువెయ్యి. వీడు చిన్నప్పటి సంది ఓర్వడు."

టీచర్ తర్వాత బదిలీ మీద కోదాడ వెళ్ళింది. ఆ నల్లద్దాలు ఏమయ్యాయో నాకు గుర్తులేదు. కళ్ళు పచ్చగున్నయేంది సారూ అని మిల్లులో కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. మందు వల్ల అంటాను. ఏం మందని అడిగితే, అదీ చెబుతాను.